నడుమున ముప్పదిరెండు

తెల్లవారకమునుపే టీకొట్ల ముందు జూనియర్ ఆర్టిస్టులును, లైట్‌మెన్లును, డూపులును గుమిగూడి, ఆనాటి షూటింగు ఏ స్టూడియోలోనో, ఏ ఊరవతలి గుట్టలమీదనో తెలియవచ్చువరకు నిలబడి కాచుకొనియుండు హైదరాబాదు కృష్ణానగర్ వీథులలో, దుస్తులు అద్దెకిచ్చు దుకాణముల సరసన, పాత టెలిఫోనులు మొదలుకొని పోలీసు టోపీలవరకు తెరమీదికి కావలసిన సమస్త సామగ్రిని సమకూర్చు ఇరుకుగదులలో, తుపాకులు గుట్టలుగా పడియుండును. చెక్కవి కొన్ని, రబ్బరువి కొన్ని, ఫైబరువి కొన్ని. నల్లరంగు లేచిపోయిన చోట వాని అసలు స్వరూపము బయటపడుచునే యుండును. వీనిలో ఒక్కటియు పేలదు. కూతవేటు దూరమున యూసుఫ్‌గూడలో సాయుధ పోలీసు మొదటి పటాలమున్నది. అచ్చటి ఆయుధాగారములోనివి పేలును. ఈ రెంటికిని పైన, కొండయెక్కిన తరువాత, జూబ్లీహిల్స్ మేడల ఇనుపబీరువాలలో మూడవ జాతి తుపాకులు కలవు: లైసెన్సు గలవి, ఆత్మరక్షణార్థమని అర్జీ పెట్టి సంపాదించినవి, నూనె పూసి గుడ్డచుట్టి దాచినవి, ఎన్నడైన పెండ్లికో పార్టీకో పోవునపుడు చొక్కాక్రింద నడుమున చేరునవి. ఈ కథనము ఆ మూడవ జాతిని గూర్చినది.

ధనమో, శత్రువులో, రెండునో కలిగినవాడు తుపాకి కొనదలచినపుడు మొట్టమొదట అడుగు ప్రశ్న ‘ఏ బోరు మంచిది?’ అని. గొట్టపు వ్యాసము పెరిగినకొలది రక్షణయు పెరుగునను నమ్మకము ఆ ప్రశ్నలోనే అణగియున్నది; ఆ నమ్మకమును పెంచి పోషించినది ఈ కృష్ణానగరమే యనిన అతిశయోక్తి కాదు. 1966లో గూఢచారి 116 వచ్చినది మొదలు, 1971లో మోసగాళ్లకు మోసగాడు గుఱ్ఱముపై నుండి కాల్చినది మొదలు, తెలుగు తెరపై తూటా తగిలినవాడు నిలుచున్నచోట కూలుట అరుదు. గాలిలోకి లేచి, అద్దములు పగులగొట్టుకొని, నాలుగు గజముల అవతల పడవలెను. ప్రకృతి ఇందుకు ఒప్పుకొనదు. తొమ్మిది మిల్లీమీటర్ల తూటా బరువు ఏడెనిమిది గ్రాములు; అది సెకనుకు మూడువందల యాబది మీటర్ల వేగముతో పోయి డెబ్బది కిలోల మనిషి శరీరములో సంపూర్ణముగ ఆగిపోయినను, ఆ శరీరమునకు అది ఈయగల చలనము సెకనుకు నాలుగు సెంటీమీటర్లకు మించదు. అంతకు మించి తగిలినవాడు ఎగిరిపడునట్లయిన, చర్యకు సమానమైన ప్రతిచర్య కాల్చినవానిని కూడ అంతదూరము వెనుకకు విసరవలసియుండును. ఫైట్‌మాస్టరు నడుముకు కట్టి లాగు తీగకు ఈ నియమముతో నిమిత్తము లేదు.

అట్లని తెరమీది తుపాకి సర్వదా నిరపాయకరమనుటకును వీలులేదు. 1993 మార్చి 31న బ్రూస్ లీ కుమారుడు బ్రాండన్ లీ చిత్రీకరణ మధ్యలోనే .44 మ్యాగ్నమ్ రివాల్వర్ గాయముతో మరణించెను. 2021 అక్టోబరు 21న అమెరికాలోని న్యూ మెక్సికోలో రస్ట్ చిత్రపు సెట్టుమీద .45 కోల్ట్ రివాల్వర్‌లో ఉండరాని నిజమైన తూటా ఉండుటచేత ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ ప్రాణము పోయెను. మన నిర్మాణములలో రబ్బరు తుపాకియు, తరువాత కంప్యూటరులో చేర్చు నిప్పురవ్వయు వాడుకలోనికి వచ్చుట కేవలము ఖర్చు తగ్గించుకొను ఉపాయముగ తోచవచ్చును గాని, జూనియర్ ఆర్టిస్టుల పాలిటికి అది పెద్ద మేలు.

ఇక నిజమైన తుపాకి. హైదరాబాదులో ఆత్మరక్షణకు క్యాలిబర్ ఎన్నుకొనువాడు తెలిసికొనవలసిన మొదటి సంగతి, ఆ ఎన్నిక అతడు పుట్టకమునుపే చాలవరకు జరిగిపోయినదని. 1878లో లిట్టన్ ప్రభువు హయామున వచ్చిన ఆయుధ చట్టము భారతీయుని చేతినుండి తుపాకిని లాగికొన్నది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగ పడినది ఆ తుపాకులకొరకే. స్వతంత్ర భారతము 1959లో క్రొత్త ఆయుధ చట్టము చేసికొన్నను, పాలకుని చూపులోని అనుమానము పూర్తిగ తొలగలేదు. ఆ చట్టము వెంబడి వచ్చిన నియమములలో సైన్యమును పోలీసును వాడు తూటాలు ఏ ఆయుధములలో ఇముడునో ఆ ఆయుధములన్నియు నిషిద్ధ వర్గములో చేర్చబడినవి: .303, 7.62 రైఫిళ్లు; .380, .455 అంచుతూటాల రివాల్వర్లు; ప్రపంచములో అత్యధికులు నేడు చేతపట్టు 9 ఎం.ఎం. పిస్టలు. సర్కారు తూటా దారితప్పి ప్రైవేటు గొట్టములో దూరరాదనుట దీని వెనుకనున్న తర్కము. అది అంత తెలివితక్కువ తర్కమేమియు కాదు. నిషిద్ధ బోరుకు లైసెన్సు ఈయదగిన అధికారము కేంద్ర హోంశాఖదే. నగర పోలీసు కమిషనరు గాని, ఇతరత్ర జిల్లా కలెక్టరు గాని ఈయగలది నిషేధము లేని బోరుకే. అనగా చేతి ఆయుధములలో ఆచరణలో మిగులునవి రెండు: .32, .22. పుస్తకములు చదివి, విదేశపు వీడియోలు చూచి, తొమ్మిదా నలుబదియైదా యని రాత్రులు తర్కించుకొనినవాడు చివరకు దుకాణదారు ఎదుట నిలిచినపుడు వినునది ‘పాయింట్ త్రీటూ’ అను ఒక్కమాటయే.

అయినను ఆ ఒక్కమాటలో రెండు వేరువేరు తూటాలున్నవి. క్రొత్తగ లైసెన్సు వచ్చినవారికి ఇది తరచుగ తెలియదు. రివాల్వర్‌లో పోయునది 1896 నాటి స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. అడుగున అంచుగల పొడుగుపాటి తూటా. పిస్టల్‌లో పోయునది జాన్ బ్రౌనింగ్ 1899లో బెల్జియము కర్మాగారము కొరకు రూపొందించిన పొట్టి తూటా, 7.65 ఎం.ఎం. అనునది దానికే యూరపులోని పేరు. రెంటిని .32 అనియే అందురు, కాని ఒకదాని చోట మరియొకటి వేయరాదు. మొదటిదానికై కాన్పూరు చిన్నాయుధ కర్మాగారము వెబ్లీ నమూనాననుసరించి ఆరుగుండ్ల రివాల్వర్‌ను చేయుచు వచ్చినది. రెండవదానికై ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలవారి ‘అశని’ పిస్టల్ ఉన్నది. ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరము జరిగిన పిమ్మట 2014 జనవరిలో కాన్పూరునుండియే ‘నిర్భీక్’ అను అర్ధకిలో బరువు రివాల్వర్ స్త్రీలకొరకని విడుదలయినది. దాని అప్పటి ధర లక్ష ఇరువదిరెండువేల రూపాయలకు పైచిలుకు. సాయంకాలము బస్సుకొరకు నిలుచు ఏ ఆడపిల్లను ఉద్దేశించి ఆ ధర నిర్ణయించిరో నాకు బోధపడలేదు. ఆ తరువాత .22లో పావుకిలో ‘నిడర్’ వచ్చినది. 2023 ఆగస్టులో, ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి కంపెనీలుగ విడిపోయిన పిమ్మట, ‘ప్రబల్’ అను మరియొక .32 వచ్చినది, దాని గురి యాబది మీటర్లవరకని తయారీదారుల ప్రకటన. ఆత్మరక్షణకని కొన్న తుపాకిని యాబది మీటర్ల దూరమునుండి కాల్చినవాడు న్యాయస్థానములో ఆ దూరమును ఎట్లు సమర్థించుకొనునో అది వేరు సంగతి. 1980 దశకపు నడిమినుండి విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యునికి మూతపడినందున, తాతల నాటి వాల్తర్లు, వెబ్లీలు, బ్రౌనింగులు చేతులు మారునపుడు పలుకు వెలలు వానిని కన్న దేశములవారు వినిన నమ్మరు. జూబ్లీహిల్స్‌లో అట్టి పాతపిస్టలు రక్షణసాధనమునకంటె వంశగౌరవమునకే ఎక్కువ దగ్గర.

.32 ను చిన్నచూపు చూచువారి వాదమును కూడ వినవలెను, ఏలయన అందులో సత్యము లేకపోలేదు. గొట్టము విడిచిన క్షణమున .32 తూటాలో ఉండు శక్తి దాదాపు నూటయేబది మొదలు నూటడెబ్బదియైదు జౌళ్లు, 9 ఎం.ఎం.లో సుమారు నాలుగువందల ఎనుబది; .45లోను రమారమి అంతియే. మూడింట ఒకవంతు శక్తిగల దానిని చేతికిచ్చి ప్రాణము కాపాడుకొమ్మనుట న్యాయమా యని వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు నూరేండ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఫిలిప్పీన్ దీవులలో మోరో యోధులు .38 రివాల్వర్ గుండ్లు తిని కూడ కత్తిదూసి మీదపడుచున్నారని అమెరికా సైన్యము మొరపెట్టుకొనగా, 1904లో థాంప్సన్, లగార్డ్ అను ఇద్దరు అధికారులు షికాగో పశువధశాలలో ఎడ్లపైనను, మానవ కళేబరములపైనను రకరకముల తూటాలు ప్రేల్చి చూచి, .45కు తగ్గిన పిస్టలు సైనికునికి పనికిరాదని తీర్పు చెప్పిరి. పశువులు కొన్ని, పద్ధతి అస్తవ్యస్తము, ఫలితములు ఒకదానికొకటి పొసగనివి. అయినను ఆ తీర్పు మూడు తరములపాటు వేదవాక్కుగ చెల్లినది.

మరల 1986 ఏప్రిల్ 11న ఫ్లోరిడాలోని మయామీలో ఇద్దరు బ్యాంకుదొంగలకును ఎఫ్.బి.ఐ. వారికిని జరిగిన పోరులో ఇద్దరు అధికారులు మరణించి ఐదుగురు గాయపడినపుడు, ఆ దొంగలలో ఒకని చేతిగుండ ఛాతిలోనికి దూసుకొనిపోయిన 9 ఎం.ఎం. తూటా హృదయమునకు అంగుళము దూరములో నిలిచిపోగా, వాడు అటుపిమ్మట కూడ పోరాడుచునే యుండెనని తేలినది. నేరము తూటాదేనని తీర్మానించి ఆ సంస్థ మొదట పది మిల్లీమీటర్లకు, దాని అదురు తట్టుకొనలేని సిబ్బంది గొణుగుటతో 1990లో పుట్టిన .40 కు మారినది; తూటాను పరీక్షించుటకు జంతుమాంసమును పోలిన జిగురుముద్దలో పండ్రెండు మొదలు పదునెనిమిది అంగుళముల లోతు దిగవలెనను కొలత పెట్టినది. ఇన్ని తిరుగుళ్లు తిరిగి 2014లో ఆ సంస్థయొక్క శిక్షణ విభాగమే తిరిగి 9 ఎం.ఎం.నే సమర్థించినది. వారి తర్కము వినదగినది: చేతి తుపాకులలో ఒక క్యాలిబరునకును మరియొక క్యాలిబరునకును గాయములో తేడా వైద్యునికే గుర్తించుట కష్టము, కాల్చువానికి తేడా తెలియునది అదురులోను, గురిలోను, నిలువచేయు గుండ్ల సంఖ్యలోను మాత్రమే, మనిషి తక్షణము కూలునది మెదడుకో వెన్నుకో తగిలినపుడు, లేనిచో రక్తము పోయి కూలవలెను, దానికి సమయము పట్టును. గొట్టము పెద్దదయినంతమాత్రమున గురి పెద్దది కాదు.

చిన్న తూటా చేసిన పని ఎరుగుటకు మనము షికాగో పోనక్కరలేదు. 1914లో సారయేవోలో ఆస్ట్రియా యువరాజును చంపి ప్రపంచమును యుద్ధములోనికి దింపినది బ్రౌనింగ్ .380 పొట్టి తూటా. 1948 జనవరి 30న బిర్లా భవనపు తోటలో గాంధీమహాత్ముని శరీరములోనికి దిగిన మూడు గుండ్లును అదే తరగతికి చెందిన బెరెట్టా పిస్టల్‌లోనివి. క్యాలిబరు గూర్చి వాదించువారి లెక్కలో ఇవి బలహీనములే.

కాని ఈ కథనము కృష్ణానగర్‌ది గనుక, సాక్ష్యము కూడ ఈ నేలమీదనుండియే తీసికొందము. 2011 జనవరి 3వ తేదీ సాయంకాలము, కృష్ణానగర్‌కు ప్రక్కనే యున్న యూసుఫ్‌గూడ నవోదయ కాలనీలో, కారు ముందుసీటులో కూర్చుండి పోవుచున్న మద్దెలచెరువు సూరి వెనుకసీటులోనుండి వచ్చిన గుండ్లకు బలియయ్యెను. కాల్చినవాడు శత్రుపక్షమువాడు కాడు. చిరకాలము వెన్నంటి తిరిగిన అనుచరుడు భానుకిరణ్. అతనికి 2018 డిసెంబరులో నాంపల్లి న్యాయస్థానము యావజ్జీవశిక్ష విధించినది. అనంతపురపు కక్షల మధ్య పెరిగి, ఏ మూలనుండి ప్రాణభయము వచ్చునో యని దశాబ్దముల పాటు లెక్కలు కట్టిన మనిషికి, ఏ బోరు తుపాకి నడుమున నుండిన ఆ క్షణమున ఉపకరించియుండెడిది? వెనుక కూర్చున్నవాని చేయి కదలునప్పటికే లెక్క ముగిసినది.

అదే కక్షయందలి మునుపటి ఘట్టము ఫిల్మ్‌నగర్ వాకిటనే జరిగినది. 1997 నవంబరు 19న రామానాయుడు స్టూడియో ఎదుట, శ్రీరాములయ్య చిత్రపు కార్యక్రమము ముగించుకొని సూరి ప్రత్యర్థి పరిటాల రవి బయటికి వచ్చుచుండగా, రోడ్డుప్రక్కన నిలిపియున్న కారు బాంబై పేలినది. ఇరువదియారుగురు మరణించిరి, వారిలో ఈ కక్షతో ఏ సంబంధమును లేని టెలివిజను సిబ్బంది ఉండిరి. గురిచేయబడిన మనిషి గాయములతో బయటపడి, మరి ఏడేండ్లు జీవించి, 2005 జనవరి 24న అనంతపురములో పార్టీ కార్యాలయము ఆవరణలో, అంగరక్షకుడు తోడుండగనే, కాల్పులలో కూలెను. ఆ అంగరక్షకుడును ప్రాణము విడిచెను.

ఈ పరిసరములలో ప్రేలిన పెద్ద తుపాకియొక్క కథ వీనికి విరుద్ధముగ ముగిసినది. సరిగా పదునేడేండ్లకు, అదే తేదీన, 2014 నవంబరు 19వ నాటి ఉదయము, కె.బి.ఆర్. పార్కులో నడక ముగించుకొని కారెక్కుచున్న అరబిందో ఫార్మా వైస్ ఛైర్మన్‌పై ఒక సాయుధ పోలీసు కానిస్టేబులు ఎ.కె.47 తో విరుచుకుపడెను. గ్రేహౌండ్సు పోలీసు దళమునుండి మాయమైన తుపాకి అది. ఆ తూటాకు గొట్టము విడుచునపుడుండు శక్తి రెండువేల జౌళ్లు, అనగా మన .32కు పదిరెట్లకు మించినది. కారు ఇరుకులో, సీట్ల నడుమ, పొడుగాటి ఆ ఆయుధపు గొట్టమును బాధితుడు చేతులతో పట్టి ప్రక్కకు త్రోసెను. తోడువచ్చిన సోదరుడును కలబడెను. గుండ్లు కారును చీల్చినవి గాని మనిషికి తగులలేదు. దుండగుడు ఆయుధమును విడిచి పారిపోయెను. నిరాయుధుడైన మనిషి, శరీరముతో శరీరము రాచుకొను దూరములో, యుద్ధభూమి తుపాకిని ఓడించెను. ఈ మూడు ఉదంతములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవానికి, ప్రాణమును నిర్ణయించినది గొట్టపు వ్యాసము కాదనియు, దూరమును, అదాటును, ప్రక్కనున్నది ఎవరనునదియు నిర్ణయించినవనియు స్పష్టమగును.

అయినను కొందరికి లైసెన్సు ఉన్నది, భయమునకు కారణమును ఉన్నది. వారికి ఉపయోగపడు మాట చెప్పకుండుట రచయితకు తగదు. .32 లోనే రివాల్వరా పిస్టలా యనిన, ఏడాదికొకమారు కూడ కాల్చని చేతికి రివాల్వర్ మేలని నా అభిప్రాయము. బీరువాలో నెలలతరబడి పడియున్న పిస్టల్ మ్యాగజైను, మడతలో ఇరుక్కున్న గుండు, సగము లాగి విడిచిన స్లైడు, మరచిపోయిన సేఫ్టీ, ఇవన్నియు భయములో వణకు వ్రేళ్లకు ఒక్కొక్కటి ఒక్కొక్క పరీక్ష. రివాల్వర్‌లో ఒక గుండు పేలకున్న మరల ట్రిగ్గరు లాగినచాలును, తరువాతి గది ముందుకు వచ్చును. దాని ట్రిగ్గరు బరువు. స్త్రీలకు, వృద్ధులకు అది కష్టమేయైనను, అంత బరువు లాగనిదే పేలకుండుట ఇంటిలో పిల్లలున్న చోట రక్షణయే. .22 చేతికి తేలికయు అదురు తక్కువయునయినను, దాని తూటాలో నిప్పంటించు మందు అంచులోపలి పూతలో ఉండుటచేత అడుగు నడుమ ఆ మందు గల తూటాలకంటె బుస్సుమనుట ఎక్కువ. ఆత్మరక్షణకు దానిని రెండవ ఎన్నికగనే పెట్టుదును. తూటాలు లైసెన్సులో వ్రాసినన్నియే దొరకును గనుక, వానిని బంగారమువలె దాచి, పదేండ్లనాటి గుండ్లతోనే తుపాకిని నింపియుంచువారు నగరములో ఎందరో. తేమకు చెడిన తూటా ఏ క్యాలిబరుదయినను పేలదు. ఉన్నవానిలో పాతవి అభ్యాసమునకు వాడి, క్రొత్తవి తుపాకిలో ఉంచుట మంచిది.

మోయుటను గూర్చి మరియొక మాట. అమెరికావారు చలికోటుల క్రింద దాచునది మనము మే నెల ఎండలో పలుచని నూలుచొక్కాక్రింద దాచవలెను. ఏడువందల గ్రాముల ఇనుము అచ్చట దాగదు. వంగినపుడు అచ్చుపడును, ప్రక్క కుర్చీలోనివానికి తెలియును, తెలిసినవెంటనే దాని ప్రయోజనము సగము పోవును. జేబులో వేసికొనుట అవివేకము. 2016 ఆయుధ నియమములు కూడ బహిరంగ ప్రదేశమున చేతి తుపాకిని తోలుసంచిలో గాని, దానివంటి హోల్‌స్టర్‌లో గాని ఉంచియే మోయవలెననియు, దానిని ఝళిపించి చూపరాదనియు శాసించినవి. 2019 ఆయుధ చట్ట సవరణ పెండ్లిలో సంబరమునకు కాల్చినవానికి రెండేండ్లవరకు ఖైదో, లక్ష రూపాయలవరకు జుల్మానాయో, రెండునో పెట్టినది. ఒకనికి మూడు తుపాకులుండవచ్చునన్నదానిని రెంటికి తగ్గించినది. పుట్టినరోజు విందులో మేడమీద గాలిలోనికి కాల్చు ఆచారము గల మహానుభావులు ఈ వాక్యమును రెండుమార్లు చదువుకొనవలెను.

కృష్ణానగర్‌లో కాల్చిన గుండునకు ఇంకొక సమస్య కలదు. ఇచ్చట గదికిని గదికిని నడుమ నాలుగున్నర అంగుళముల గోడయో, కొన్నిచోట్ల రేకో. సందు వెడల్పు బండి దూరునంత. తగలని గుండు ఆగునది ఎవరి పడకగదిలోనో చెప్పలేము. శత్రువు శరీరమును దాటిపోకుండ లోపలనే ఉబ్బి ఆగిపోవు గుల్లమొన తూటా ఈ ప్రమాదమును తగ్గించునని అమెరికా పోలీసులు దానిని వాడుదురు. ఉబ్బు తూటాకు లోకప్రసిద్ధి తెచ్చినది కలకత్తా ప్రక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారమే, 1899 హేగ్ ప్రకటన యుద్ధములో దానిని నిషేధించినది. మన .32 చిన్నది, నిదానమైనది. దానిలో ఉబ్బుటకు చాలినంత వేగము లేదు, ఉబ్బిన లోతుకు పోవుటకు చాలినంత శక్తి లేదు. గట్టిమొన తూటాయే దానికి తగినది. 9 ఎం.ఎం. దొరకలేదని విచారించువారికి ఇది ఒక ఓదార్పు కావచ్చును: ఈ ఇరుకు గోడల నడుమ తక్కువ శక్తియే పొరుగువానికి రక్ష.

కాల్చిన పిమ్మట ఏమగును? భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వరకు గల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును ఒప్పుకొన్నవి. ప్రాణహానియో, తీవ్రగాయమో, అత్యాచారమో, అపహరణమో, ఆసిడ్ దాడియో తప్పదను సహేతుకమైన భయము కలిగినపుడు ఎదుటివాని ప్రాణము తీయుటవరకును ఆ హక్కు పోవునని 38వ సెక్షను చెప్పును. కాని 37వది దానికి కంచె వేసినది: పోలీసులను ఆశ్రయించు వ్యవధి ఉన్నచోట ఆ హక్కు లేదు; అవసరమునకు మించిన హాని చేయుటకు వీలులేదు. పారిపోవుచున్న దొంగ వీపున తగిలిన గుండు .32దా .45దా యని ఏ న్యాయమూర్తియు అడుగడు; వీపున ఏల తగిలినదని అడుగును. లైసెన్సు ఉన్న తుపాకితో కాల్చినవానికి సైతము అరెస్టు, తుపాకి స్వాధీనము, బెయిలు, ఏండ్లకొలది వాయిదాలు తప్పవు.

క్యాలిబరు స్వేచ్ఛగ ఎన్నుకొనగల తెలుగువారు లేకపోలేదు. వారు సముద్రము అవతలనున్నారు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలాతే పట్టణములో శ్రీనివాస్ కూచిభొట్ల హత్య జరిగిన తరువాత, అచ్చటి తెలుగు ఇండ్లలో తుపాకి మాట విందుబల్లలమీదికి వచ్చినది. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1నుండి అర్హుడైన వయోజనుడు పర్మిటు లేకయే చేతి తుపాకిని దాచి మోయవచ్చును. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయన్ కేసులో ఇంటివెలుపల మోయుట కూడ రాజ్యాంగహక్కేనని చెప్పినది. కాని విద్యార్థి వీసామీదనో, హెచ్1బి మీదనో ఉన్నవాడు తుపాకిగాని, ఒక్క తూటాగాని దగ్గరనుంచుకొనుట అచ్చటి కేంద్రచట్టము క్రింద సాధారణముగ నేరము. వేట లైసెన్సు వంటి కొలది మినహాయింపులు మాత్రమే కలవు. గ్రీన్‌కార్డు వచ్చువరకు ఆగవలెను. గ్రీన్‌కార్డుకొరకు మనవారు ఎన్నేండ్లు వేచియుందురో ఎరిగినవారికి, డాలసులోని తెలుగు యువకుడును జూబ్లీహిల్స్‌లోని నిర్మాతయు తొమ్మిది మిల్లీమీటర్లకు ఇంచుమించు సమానదూరములోనే ఉన్నారని అర్థమగును.

లైసెన్సు చేతికి వచ్చుటయు సులభము కాదు. ఇరువదియొక్క ఏండ్లు నిండవలెను. దరఖాస్తు, ఠాణా విచారణ, శిక్షణ పొందినట్టి ధృవపత్రము, ప్రాణభయమునకు ఆధారము. వచ్చిన లైసెన్సు ఐదేండ్లు చెల్లును. ఇంతటి శ్రమపడి సంపాదించిన ఆయుధమును, ఎన్నికల ప్రకటన వెలువడగనే, మినహాయింపు పొందినవారు తప్ప తక్కినవారందరును సంబంధిత ఠాణాలోనో, అనుమతిగల తుపాకిదుకాణములోనో అప్పగించి రసీదు తీసికొనవలెను. ఓట్ల లెక్కింపు ముగిసిన తరువాతనే తిరిగి ఇచ్చెదరు. కక్షలు కార్పణ్యములు అత్యంతము రగులుకొను ఆ వారములలోనే కొండమీది ఇనుపబీరువాలు ఖాళీగ నుండును. రసీదులో తుపాకి వరుససంఖ్య, బోరు, అప్పగించిన తూటాల లెక్క వ్రాయుదురు; తిరిగి తీసికొనునపుడు మూడును సరిచూచుకొనవలెను.